లాక్‌డౌన్‌లో రైళ్ళు ఆగిపోయినప్పుడు రైలు పిచ్చోళ్ళు ఏం చేశారు?

"లాక్‌డౌన్‌లో రైళ్ళన్నీ ఆగిపోయాయి కదా, మీ రైల్‌ఫ్యాన్లంతా ఇంట్లో కూర్చుని ఏం చేశారు, పిచ్చెక్కలేదా" అని అడిగారు. పిచ్చి సంగతి తర్వాత చెప్తాను, ముందు ఆ మొదటి ముక్క దగ్గరే నాకు పేచీ. రైళ్ళు ఎక్కడ ఆగాయండీ బాబూ? 2020 మార్చి 22 నుంచి ఆపింది పాసింజర్ బళ్ళని. గూడ్స్ బళ్ళు ఆగలేదు. అవే ఆగుంటే మీ ఇంట్లో ఫ్యాను తిరిగేది కాదు, రేషన్ షాపుకి బియ్యం వచ్చేవి కాదు, మీరు ఇంట్లో కూర్చుని రామాయణం సీరియల్ చూసేవాళ్ళూ కాదు. టీవీల్లో మాత్రం 167 ఏళ్ళలో మొదటిసారి రైలు చక్రం ఆగింది అని ఒకటే ఊదర. 1974 మే నెలలో రైల్వే సమ్మె జరిగినప్పుడు ఇరవై రోజుల పాటు దేశం ఎలా అల్లాడిందో మా నాన్నని అడగండి చెప్తాడు, దాని ముందు ఇదెంత అంటాడు. సరే, ఆయన అలాగే అంటాడు.

మాది రాయగడ. ఒడిశాలోనే కానీ బజార్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, మా ఇంట్లో శ్రీకాకుళం యాస. ఊరికి మూడు వైపులా లైన్లున్నాయి, ఒకటి విజయనగరం వైపు, ఒకటి టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ వైపు, ఇంకోటి కొండలెక్కి కొరాపుట్ వైపు. మా డాబా ఎక్కితే విజయనగరం లైను కనిపిస్తుంది, మధ్యలో ఒక ఖాళీ స్థలం, రెండు కొబ్బరి చెట్లు, అంతే. నాకు చిన్న జెరాక్స్ షాపుంది, లాక్‌డౌన్‌లో జెరాక్స్ ఎవడికి కావాలి, షట్టరు దించేశాను. అంతకుముందు నా రైలు పిచ్చి అంటే అందరిలాంటిదే, ఆదివారం ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని స్టేషన్‌కెళ్ళడం, సమతా ఎక్స్‌ప్రెస్ వస్తే ఇంజిన్ నంబరు రాసుకోవడం, హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ కోసం తెల్లారకముందే లేచి ఇంట్లో వాళ్ళ చేత తిట్లు తినడం, వైజాగ్ వెళ్ళినప్పుడు డీజిల్ షెడ్ గోడ పక్కన నిలబడి ఏ ఇంజినైనా కనిపిస్తుందేమో అని మెడ చాచడం.

మొదటి కొన్ని రోజులు మీరనుకున్నట్టే గడిచింది. పాత ఫోటోలన్నీ ఫోల్డర్లలో సర్దాను. ఫోన్‌లో ట్రైన్ సిమ్యులేటర్ ఆడాను, ఫోన్ కాలిపోతోందని మానేశాను. ట్రైన్స్ ఎట్ ఎ గ్లాన్స్ అనే రైల్వే టైంటేబుల్ పుస్తకం పాత కాపీ ఒకటుంటే దాన్ని నవల చదివినట్టు చదివాను. వాట్సాప్ గ్రూప్‌లో వ్యాప్-7 ఇంజిన్ గొప్పదా వ్యాప్-5 ఇంజిన్ గొప్పదా అని కొట్టుకున్నాం, ఇద్దరు గ్రూప్ నుంచి వెళ్ళిపోయారు, తర్వాత మళ్ళీ వచ్చారు. అంతా టైంపాసే.

అసలు కథ మా నాన్న దగ్గర మొదలైంది. ఆయన కీమేన్‌గా రిటైరయ్యాడు. కీమేన్ అంటే తెలియనివాళ్ళకి, రోజూ పొద్దున్నే సుత్తి, స్పానరు, ఎర్రజెండా, టపాకాయలు (పట్టా మీద పెడితే పేలి డ్రైవరుని హెచ్చరించేవి) పట్టుకుని తన బీటంతా పట్టాల వెంబడి నడిచి ఎక్కడ క్లిప్పు ఊడింది ఎక్కడ బోల్టు వదులైంది చూసేవాడు. సర్వీసంతా నడిచిన మనిషి, రైలు ఫోటోలు తీసేవాళ్ళంటే ఆయనకి చులకన. ఒకరోజు సాయంత్రం నేను డాబా మీద ఫోన్ పట్టుకుని నించుని "ఏ బళ్ళూ లేవు నాన్నా" అని నిట్టూర్చాను.

"పాసింజర్లు నేవు గానీ బళ్ళు నేకపోవడమేట్రా? పొద్దున్నించి పది ఎల్లిపోనాయి. నీకు ఇంజిను తప్ప మరేటీ కనపడదు" అన్నాడు.

నాకు కాస్త రోషం వచ్చింది. సరే అయితే నువ్వే చెప్పు అన్నాను. అప్పటికి చీకటి పడింది, టిట్లాగఢ్ వైపు నుంచి ఒకటి వస్తోంది, ఇంకా కనిపించట్లేదు, పట్టాల ఝుమ్మనే సౌండ్ మాత్రం వినిపిస్తోంది. నాన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఇంజిన్ దాటగానే "రెండు ఇంజిన్లు, బొగ్గు బండి, లోడు" అన్నాడు. నేను ఎలా తెలుసు అంటే చెయ్యెత్తి ఆగమన్నాడు, లెక్కపెడుతున్నాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మన చిన్నప్పుడు రైల్లో వినిపించే ఆ టక్ టక్ ఇప్పుడు పెద్దగా లేదు, ఎందుకంటే పట్టాలని వెల్డింగ్ చేసి పొడుగ్గా ఒకటే ముక్క చేసేస్తున్నారు. కానీ సిగ్నళ్ళ కోసం ట్రాక్ సర్క్యూట్ (పట్టాల్లో కరెంటు పంపి బండి ఉందో లేదో కనిపెట్టే ఏర్పాటు) విడగొట్టాలి కాబట్టి అక్కడక్కడా మధ్యలో ఇన్సులేషన్ పెట్టి జిగురుతో అతికించిన జాయింట్లు ఉంటాయి, గ్లూడ్ జాయింట్ అంటారు. మా ఇంటికెదురుగా అలాంటిదొకటుంది, దాని మీద చక్రం పడినప్పుడల్లా టక్ మంటుంది. వ్యాగన్‌కి నాలుగు ఇరుసులు, ముందు బోగీలో రెండు, వెనక బోగీలో రెండు (బోగీ అంటే ఇక్కడ పెట్టె కాదు, దాని కిందుండే చక్రాల చట్రం). ఒక వ్యాగన్ వెనక బోగీ, తర్వాత వ్యాగన్ ముందు బోగీ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి చెవికి టకటక-టకటక, చిన్న గ్యాప్, మళ్ళీ టకటక-టకటక అని వినిపిస్తుంది. ఆ ఒక్కో గుంపుకి ఒక వేలు మడుస్తాడు ఆయన. ఖాళీ బండైతే వ్యాగన్ గోడలు గలగలలాడతాయి, లోడు బండి మాత్రం మూలుగుతున్నట్టు బరువుగా పోతుంది. బాక్సెన్ అనే బొగ్గు వ్యాగన్ల రేకు (ఒక బండికి తగిలించిన వ్యాగన్ల వరస) అయితే 58, 59 వ్యాగన్లు, ఆఖర్న గార్డు డబ్బా, అంటే బ్రేక్‌వ్యాన్.

ముప్ఫై దాటాక నాన్న లెక్క ఆపేసి కళ్ళు తెరిచాడు. "వింటన్నావా?" అన్నాడు. నాకేం తెలియలేదు. కాసేపటికి దబదబదబ అని ఒక మోత, టకటకలకి సంబంధం లేకుండా. జాయింట్ శబ్దం ఒకే చోటి నుంచి వస్తుంది, ఇది అలా కాదు, బండితో పాటు దూరం నుంచి వచ్చి మన ముందు నుంచి దాటి అటు వెళ్ళిపోయింది. "ఫ్లాట్ టైరు. చక్రం ఒక పక్క అరిగిపోనాది. బ్రేకు పట్టీసి జారుంటాది" అన్నాడు. బ్రేకు వదలకుండా చక్రం తిరగక పట్టా మీద జారితే ఒక చోట చదునుగా అరుగుతుంది, ఆ చదును భాగం తిరిగినప్పుడల్లా పట్టా మీద సుత్తితో కొట్టినట్టు పడుతుంది, పట్టా పగిలే ప్రమాదం కూడా ఉంది.

ఆయన వెంటనే నా ఫోన్ లాక్కుని తనకి తెలిసిన గేట్‌మేన్‌కి కొట్టించాడు. "ఇప్పుడెల్లిన బొగ్గు బండిలో మధ్యన ఫ్లాట్ టైరుంది, స్టేషన్ మాస్టరుకి చెప్పు" అని పెద్ద గొంతుతో ఆర్డరు. రిటైరయి ఏళ్ళయినా ఆ గొంతు మారలేదు. నేను లోపల పొంగిపోతున్నాను, మా నాన్న ఇవాళ ఒక యాక్సిడెంట్ ఆపేశాడు, గ్రూప్‌లో పెట్టాలి అని అప్పుడే మెసేజ్ టైప్ చేసుకుంటున్నాను. అవతల నుంచి గేట్‌మేన్ "ఎనక గేటోడు ముందే చెప్పీసాడు పెద్దాయనా, ముందర స్టేషన్‌లో ఆపి చూస్తారట, మీరు తిన్నారా?" అన్నాడు. నాన్న ఏం నొచ్చుకోలేదు. "అదీ, డూటీ అంటే" అని ఫోన్ నాకిచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. టైప్ చేసిన మెసేజ్ నేను డిలీట్ చేసేశాను.

ఆ రాత్రి నుంచి అదే మా ఇద్దరి పని. నేనొక పాత లెడ్జరు పుస్తకం తీసి గళ్ళు గీశాను, టైం, ఎటు నుంచి ఎటు, ఇంజిన్, వ్యాగన్ రకం, లోడా ఖాళీయా. బాక్సెన్ అంటే పైన మూత లేని బొగ్గు, ఖనిజం బళ్ళు. బీసీఎన్ అంటే మూత ఉన్నవి, బియ్యం, ఎరువులు, సిమెంటు. బీటీపీఎన్ అంటే పెట్రోలు ట్యాంకర్లు. వీటన్నిటికంటే నాకు ఇష్టమైనవి కొరాపుట్ లైన్లో దమన్‌జోడి నాల్కో ఫ్యాక్టరీ నుంచి అల్యూమినా పొడి మోసుకొచ్చే బీటాప్ ట్యాంకర్లు, తెల్లటి దుమ్ము పట్టి పిండి మరలోంచి బయటికొచ్చిన మనిషిలా ఉంటాయి. పుట్టినప్పటి నుంచి ఇదే ఊళ్ళో ఉన్నా వాటిని సరిగ్గా చూసింది ఆ ఏప్రిల్లోనే. సమతా వస్తుందంటే దాని ముందు లూప్‌లో, అంటే స్టేషన్లో మెయిన్ లైను పక్కనుండే లైన్లో, పడి ఉండే గూడ్స్ వైపు ఎవడు చూస్తాడండీ, అది అడ్డం, దాని వల్ల ఫ్రేమ్ పాడైపోతోందని తిట్టుకునేవాళ్ళం.

లూప్‌లో పడి ఉండటం అన్నాను కదా, అసలు కిటుకంతా అక్కడే. మామూలు రోజుల్లో గూడ్స్ బండికి ఎవరూ దారివ్వరు, ఎక్స్‌ప్రెస్‌కి దారిచ్చి గంటలు గంటలు పక్కన నించుంటుంది. పాసింజర్లు పోయేసరికి లైనంతా ఖాళీ, గూడ్స్ బళ్ళు ఆగకుండా దూసుకుపోయాయి. అంతకుముందు ఏడాది గంటకి 23 కిలోమీటర్ల దగ్గరున్న గూడ్స్ సగటు స్పీడు 2020 జూలైకి 45 చుట్టుపక్కలకి, అంటే దాదాపు రెట్టింపుకి వెళ్ళింది. అదే జూలై మొదట్లో నాగపూర్ డివిజన్ నుంచి కోర్బా వైపు నాలుగు ఖాళీ రేకులు ఒకదానికొకటి తగిలించి శేషనాగ్ అని పేరు పెట్టి 2.8 కిలోమీటర్ల పొడుగు బండి నడిపారు. ఆ వీడియో చూసి నాన్న "దీన్ని ఏ లూపులో పెడతార్రా" అన్నాడు. 12,000 హార్స్‌పవర్ వ్యాగ్-12 ఇంజిన్ మొదటిసారి సరుకు బండిని లాగింది కూడా ఆ మే నెలలోనే. అంటే గూడ్స్ చూడటం తెలిసినవాడికి 2020 కరువు కాదు, పండగ. ఇంత జరుగుతుంటే మన యూట్యూబ్ కుర్రాళ్ళు "మిస్ యూ ట్రైన్స్" అని ఏడుపు పాట వేసి పాత రాజధాని వీడియోలు మళ్ళీ అప్‌లోడ్ చేసుకుంటున్నారు. వాళ్ళని రైల్‌ఫ్యాన్లు అనడానికి నాకు మనసొప్పదు, వాళ్ళు స్పీడ్ ఫ్యాన్లు.

ఆ రోజుల్లో ఒళ్ళు మండిపోయిన విషయం ఇంకోటి. మా అత్తారిల్లు పార్వతీపురం. ఇక్కణ్ణించి లడ్డా, జిమిడిపేట, కూనేరు, గుమడ, అంతే, వచ్చేస్తుంది, మామూలుగా అయితే ఆదివారం పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేసేంత దగ్గర. రోడ్డు మీద రెండు రాష్ట్రాల పోలీసులూ చెరో వైపు బ్యారికేడ్లు. మా ఆవిడ వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేదంటే కూడా పాస్ కోసం తిరిగి తిరిగి విసిగిపోయాం. ఆవిడ డాబా మీదికొచ్చి నేను పుస్తకంలో రాసుకుంటుంటే "ఆ బొగ్గుకి పాసక్కర్లేదు, నాకు కావాలా" అంది. ఏం చెప్తాం. ఆ బండి మరో గంటలో వాళ్ళమ్మ ఇంటి వెనక నుంచి పోతుంది. తర్వాత తర్వాత మా ఆవిడే ఫోన్‌లో "అమ్మా ఇప్పుడొక ట్యాంకర్ల బండి వస్తుంది చూడు" అని చెప్పడం మొదలుపెట్టింది, అత్తగారు "ఆఁ వచ్చింది, వెళ్ళింది" అనేవారు. సరిహద్దు దాటి మా ఇంటి నుంచి వాళ్ళింటికి వెళ్ళింది ఆ నెలల్లో అదొక్కటే.

మే 1న లింగంపల్లి నుంచి హటియాకి వలస కూలీల కోసం వేసిన మొదటి శ్రామిక్ స్పెషల్ కదిలింది, ఆ తర్వాత మా లైన్లో కూడా పాసింజర్ పెట్టెలు కనిపించాయి. బలంగీర్, నువాపడా వైపు జనం ఏటా ఇటుక బట్టీల పనికి తెలంగాణకీ తమిళనాడుకీ వెళ్తారు, మా స్టేషన్లో సంచులూ గిన్నెలూ పిల్లలతో గుంపులు గుంపులుగా కనిపించేది వాళ్ళే. ఒక మధ్యాహ్నం విజయనగరం వైపు నుంచి వచ్చిన బండి సిగ్నల్ లేక సరిగ్గా మా ఇంటికెదురుగా ఆగింది. కిటికీల్లోంచి ఇది ఏ ఊరని ఒడియాలో అరుస్తున్నారు, పక్క డాబా మీద మౌసీ "రాయగడ, రాయగడ" అని తిరిగి అరుస్తోంది. ఇంజిన్ నంబరు రాద్దామని పెన్ను తీశాను, కానీ ఒకడు మంచినీళ్ళు అని సైగ చేసేసరికి పుస్తకం పక్కన పడేసి బిందె పట్టుకుని కిందికి దిగాను. నేను ఆ ఖాళీ స్థలం దాటేలోపు సిగ్నల్ పడింది, బండి కదిలింది. ఆ గడిలో ఇంజిన్ నంబరు దగ్గర ఇప్పటికీ ఖాళీనే.

జూన్‌కల్లా వర్షాలు, డాబా మీద కూర్చోవడం కుదరలేదు. అప్పుడు బొమ్మల పని పెట్టుకున్నాను. షాపులో ఏ4 కాగితాల అట్టపెట్టెలు బోలెడు, ఫెవికాలుంది, కట్టరుంది. చేసింది వందే భారత్ కాదు, మన పర్లాకిమిడి చిన్న బండి. తెలియనివాళ్ళకి, పర్లాకిమిడి రాజావారు సొంత డబ్బుతో నౌపడా నుంచి పర్లాకిమిడికి వేయించిన లైను, 1900లో మొదలైంది, తర్వాత గుణుపూర్ దాకా పొడిగించారు, 2004లో ఆపేసి బ్రాడ్‌గేజ్ చేశారు. మా నాన్నమ్మది కాశీనగర్, ఆవిడ పెళ్ళయ్యాక పుట్టింటికి వెళ్ళిందంతా ఆ బండిలోనే. దాని పట్టాల మధ్య వెడల్పు రెండడుగుల ఆరంగుళాలు, అంటే 30 అంగుళాలు, కాబట్టి 1:30 స్కేల్ పెట్టుకుంటే బొమ్మ పట్టాల మధ్య సరిగ్గా ఒక అంగుళం వస్తుంది, లెక్క కుదిరితే ఎంత సంతోషమో. పొగగొట్టానికి బైండింగ్ మెషిన్ పైపు ముక్క, చక్రాలకి షర్టు గుండీలు. నాన్న చూసి కప్లింగ్ తప్పన్నాడు, మళ్ళీ చేశాను, మళ్ళీ తప్పన్నాడు, ఈసారి వినలేదు.

పాసింజర్లు తిరిగొచ్చినప్పుడు మా వాళ్ళంతా గంతులేశారు, నాకైతే సగం సంతోషమే. నంబరు ముందు సున్నా తగిలించి అన్నిటినీ స్పెషల్ అన్నారు, 2021 నవంబరు దాకా అదే వరస. పల్లె జనం ఎక్కే పాసింజర్‌ని ఎక్స్‌ప్రెస్ ఛార్జీకి మార్చేసి కనీస టికెట్ 10 రూపాయల నుంచి 30 చేశారు, బండి మాత్రం అదే బండి, అదే స్పీడు, అవే స్టేషన్లు. అది తగ్గడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. ముసలాళ్ళ రాయితీ 2020 మార్చి 20న తీసేశారు, అదింకా రాలేదు, మా అత్తగారు ప్రతిసారీ గుర్తు చేస్తారు, నేనేదో తీసేసినట్టు. మా రాయగడకి రైల్వే డివిజన్ ఇస్తామని 2019లో చెప్పి 2025 జనవరిలో ఆఫీసుకి శంకుస్థాపన చేశారు, దాని గురించి మొదలుపెడితే ఈ జవాబు ఇంకో ఇంత అవుతుంది, వద్దు.

కాబట్టి మీ ప్రశ్నకి జవాబు, మేము రైళ్ళు చూశాం. మీకు పట్టాల పక్కన ఇల్లు లేదంటే నేనేం చెయ్యలేను. ఉంటే మాత్రం ఫోన్ కింద పెట్టి, ఇంజిన్ దాటిపోయాక కూడా అక్కడే నించుని ఆఖరి డబ్బా దాకా లెక్కపెట్టండి. లెడ్జరు ఇప్పుడు మా మేనల్లుడి దగ్గరుంది, వాడికి దుర్గ్–విశాఖ వందే భారత్ పిచ్చి, గూడ్స్ కాలమ్ అంతా ఖాళీగా వదిలేసి దాని టైమింగులు రాసుకుంటున్నాడు. వాడు మొన్న ఆ బండి చూపించడానికి నాన్నని చెయ్యి పట్టుకుని డాబా ఎక్కించాడు. బండి సర్రున పోయింది. "ఎలాగుంది తాతా?" అన్నాడు వాడు. "బాగుంది గానీ గార్డు డబ్బా ఏదిరా?" అన్నాడు నాన్న.